కాంటా పటేలు ఫ్లాస్కు

గత వారం మనం గంగారాం పటేలును ఆయన జీవితంలోని ఘనవిజయాల్లో ఒకదాని గడప మీద నిలబెట్టి వచ్చాం. 2012 వానకాలం. కామారెడ్డిలో రైలు పట్టాల అవతల ఒక ట్రస్టువారు నడిపే పిల్లల దవాఖాన, దాని వరండాలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఆ కుర్చీ మీద చెవికి సెల్‌ఫోను ఆనించుకుని సింహాసనస్థుడైన పటేలు. అవతలి కొసన ఎల్లారెడ్డి ఎంకయ్య. నిజాంసాగర్ కాలువ మీద ఏ తూము లేవాలన్నా, ఏ కార్యాలయంలో ఏ కాగితం కదలాలన్నా ముందుగా ఎవరి ఫోను మోగాలో ఆ ఎంకయ్య. ఆయన పలికినవి రెండే మాటలు: "పని అయింది."

ఆ పని ఏమిటో చెప్పుకుని ముందుకు పోదాం. పటేలు కోడలు నవత నెలలు నిండకుండానే ఎల్లారెడ్డిలో ప్రసవించి, కన్న గంటకే ఫిట్సు వచ్చి, హైదరాబాదు దవాఖాన పాలైంది. కొడుకు తిరుపతి ఆమె వెంట పోయాడు. పన్నెండు వందల నలభై గ్రాముల మనుమడు మాత్రం తాతా నాయనమ్మల పహరాలో కామారెడ్డి చేరాడు. పైన ఎర్రగా కాలే కడ్డీ, కింద తొట్టిలాంటి బల్ల. దవాఖానవారు దాన్ని వార్మర్ అంటారు, వరండావారు వేడిపెట్టె అంటారు. అలాంటివి పన్నెండు ఉంటే పిల్లలు పందొమ్మిది మంది. అందుచేత ఒక్కో కడ్డీ కింద ఇద్దరేసి పడుకోవలసి వచ్చింది. పటేలు మనుమడికి పొత్తు కుదిరింది లింగంపేట దాటినాక గుట్ట కింద ఉండే తండా పిల్లతో, అంటే జమున అనే ఇరవై ఏళ్ళ ఇల్లాలు కన్న ఆడబిడ్డతో. ఆ ఆడబిడ్డను ఆ పెట్టెలోంచి తీయించడమే పని. అది అయింది.

ఇందులో పటేలుది ద్వేషం అనుకుంటే ఆయనకు అన్యాయం చేసినవాళ్ళమవుతాం. ఆయనది శాస్త్రం. కామారెడ్డి గంజ్‌లో ఆయనకు కాంటా పటేలని బిరుదు. ముప్ఫై ఏళ్ళుగా తన వడ్ల బస్తాల వెంట తూకం దాకా నడిచి, ముల్లు మీద చూపు నిలిపి, తరుగు పేరిట పిడికెడు గింజ పోనివ్వని యోధుడు. "గింజ ఆరింది పటేలా, తేమ పోయింది, తూకం తగ్గుతది" అంటూ సేట్లు చేసే ఉపన్యాసం ఆయనకు కంఠస్థం. నమ్మింది మాత్రం ఒక్కనాడూ లేదు.

అంతటివాడు అద్దం బయట నిలబడి ఉండగా, రోజూ ఉదయం ఎనిమిదింటికి లోపల ఎర్ర అంకెల కాంటా మీద పిల్లల్ని తూచేవారు. మొదటి రోజు పన్నెండు వందల నలభై. మూడో రోజు పదకొండు వందల ఎనభై. ఐదో రోజు పదకొండు వందల ముప్ఫై. పక్కనున్న తండా పిల్ల మాత్రం మూడు వారాల కింద పదమూడు వందల తొంభైతో పుట్టి, పదిహేను వందలు దాటి, ఇంకా పైకే పోతున్నది. డాక్టరమ్మను నిలదీస్తే ఆమె, "పుట్టిన మొదటి వారం పిల్లలందరూ తగ్గుతారండీ, ఒంట్లో నీరు పోతుంది" అని చాలా మర్యాదగా చెప్పింది.

తేమ తరుగు! సేట్లు దవాఖాన కూడా తెరిచారన్నమాట.

ఇక సాక్ష్యం కావలసి ఉండెను, అదీ దొరికింది. రెండు గంటలకోసారి నర్సు గంగమణి ఒక చిన్న స్టీలు గిన్నె పట్టుకుని ఆ పెట్టె దగ్గరికి వచ్చేది. అందులోంచి ఉగ్గుగిన్నెతో తండా పిల్లకు ముందు తాగించేది. మిగిలినవి సిరంజిలోకి తీసి, మనుమడి నోట్లో ఉన్న సన్నని గొట్టంలోకి వదిలేది. గిన్నె ఒకటే. తాగేవారు ఇద్దరు. ఆ పాలు ఎవరివో పటేలుకు రవ్వంత సందేహం లేదు. జీతగాడు దొడ్లో కపిల ఆవును పితికించి, కాచి, ఫ్లాస్కులో పోసి, ఎల్లారెడ్డి నుంచి బయలుదేరే మొదటి బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాడు. దాన్ని కామారెడ్డి బస్టాండులో పటేలు స్వహస్తాలతో అందుకుని భార్య మంగవ్వకు ఇస్తున్నాడు. మగవారికి ప్రవేశం లేని ఆ గదిలోకి మంగవ్వ తీసుకుపోతున్నది. అక్కడ తన వంశాంకురం వాటాలోంచి సగం తండాకు పోతున్నది. దొంగ దొరికినాక ఎంకయ్యకు ఫోను చేయక ఏం చేస్తాడు?

ఇదీ ఇంతవరకు జరిగిన కథ. ఇప్పుడు ఏడో రోజు, ఉదయం పదిన్నర.

లోపలి తలుపు తెరుచుకుని జమున బయటికి వచ్చింది. బిడ్డ ఆమె చేతుల్లో లేదు. రవిక లోపల, ఎద మీద చర్మానికి చర్మం ఆనించి, పైన దుప్పటి కట్టి ఉంది. దవాఖానవారు అలాగే నేర్పారు. దుప్పటి అంచున ఉన్ని టోపీ ఒక్కటి బత్తాయంత కనపడుతున్నది. వెనక అత్త పార్వతిబాయి సంచీతో, మామ భీక్యా కాగితంతో. ఆ కాగితం మీద, బిడ్డ బరువు పెరుగుతున్నదనీ, ఎల్లారెడ్డిలో చూపించుకోవచ్చుననీ రాసి ఉంది. ఇంకో వారం ఉంచవలసిందని డాక్టరమ్మ మనసులో అనుకున్న సంగతి అందులో రాయలేదు. మనసులోవి రాసే గడి ఆ కాగితంలో లేదు.

పటేలు ముందునుంచి పోతూ భీక్యా అలవాటు కొద్దీ చేయెత్తాడు. "రాం రాం పటేలా."

"పోతున్నరా? మంచిది. పిల్ల పైలం" అన్నాడు పటేలు, గెలిచినవాడికి మాత్రమే సాధ్యమయ్యే దయతో.

పార్వతిబాయి ఆగింది. పటేలును చూడలేదు. కుర్చీ కింద ఉన్న ఫ్లాస్కును చూసింది. తర్వాత గోడవారగా కూర్చున్న మంగవ్వను చూసింది. మంగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల తిప్పుకుంది. పార్వతిబాయి ఏదో అనబోయి, తమ భాషలో తనలో తానే గొణుక్కుని, కోడలి వెనకే మెట్లు దిగింది.

ఆ తర్వాత పటేలు అద్దం దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఎర్రటి వెలుగు కింద మనుమడు ఒక్కడే. పిడికెడు ఛాతీ ఎగిరెగిరి పడుతున్నది. కాలికి తీగ, నోటికి గొట్టం, నెత్తిన ఎవరిదో పాత టోపీ. గోడ మీది పలకలో 'నవత బేబీ' అని రాసి ఉంది. తాత పేరు గానీ, ముత్తాత పేరు గానీ, ఇరవై ఎకరాల తరి పొలం గానీ అందులో లేవు. అయినా సరే, పెట్టె మొత్తం మనవాడిదే. నైజాం నవాబు కూడా ఇంతకన్నా విశాలంగా పడుకుని ఉండడు.

ఈ ఏకచ్ఛత్రాధిపత్యం సరిగ్గా యాభై నిమిషాలు సాగింది. పదకొండూ ఇరవైకి నస్రుల్లాబాద్ నుంచి ఒక అంబులెన్సు వచ్చింది. అందులోంచి ఒక గుడ్డల మూట దిగింది. ఆ మూట నేరుగా పోయి నవాబుగారి పక్కన పడుకుంది.

పటేలు అద్దం మీద వేళ్ళతో కొట్టాడు. లోపలి ఆయా తలుపు సందులోంచి తల పెట్టింది.

"ఏందిది? మావోడు ఒక్కడే ఉంటడని గద చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పిండ్రు బాపూ? జాగ ఖాళీ ఉంటె వచ్చిన పిల్లను బండ మీద పండవెడతమా?" అని ఆయా తలుపు వేసేసింది.

దీనికి కూడా ఎంకయ్య ఉన్నాడు కదా అని పటేలు ఫోను తీస్తుండగా, పన్నెండు కొట్టింది. మధ్యాహ్నం డ్యూటీకి అప్పుడే వచ్చిన గంగమణి ఖాళీ చేతులతో బయటికి వచ్చింది.

"మంగవ్వా, జమున యాడ? గిన్నె గూడ కనవడదు. పోరనికి పాల యాళ్ళ అయింది."

మంగవ్వ తల ఎత్తలేదు. జవాబు పటేలు చెప్పాడు.

"జమున పోయింది సిస్టరమ్మా. కాయితమిచ్చి తోలిండ్రు. నువ్వేం ఫికర్ వడకు." ఆయన ఫ్లాస్కు మూత తిప్పాడు. కాచిన పాల వాసన వరండా అంతా పరుచుకుంది. "ఇగో పాలు. ఇయ్యాల్టిసంది పంచుడు లేదు, అన్నీ మావోనికే."

గంగమణి ఫ్లాస్కులోకి తొంగి చూసింది. "ఏం పాలు బాపూ ఇవి?"

"ఏం పాలంటవేంది? మా కపిల పాలు. నాలుగొద్దుల సంది నువ్వు వోస్తున్నవి గవే."

"నేనా?" ఆమె ముఖంలో నవ్వు మొదలై, మధ్యలోనే ఆగిపోయింది. "బాపూ, ఆవు పాలు ఒక్క బొట్టు వోస్తె నీ మనుమని పేగు తట్టుకుంటదా? రెండో రోజు డబ్బా పాలు వోస్తెనే కడుపు తిత్తి లెక్క ఉబ్బింది, యాది లేదా? గింత పిల్లలకు తల్లి పాలు తప్ప ఏం వడయి."

"తల్లి హైదరాబాద్ల మంచం మీదున్నది. మరి ఇన్నొద్దులు వాడేం తాగిండు?"

గంగమణి మంగవ్వ వైపు చూసింది. "చెప్పలేదా అవ్వా నువ్వు?"

వరండాలో ఉన్న నలుగురైదుగురు మాటలు ఆపారు. అంత నిశ్శబ్దం గంజ్‌లో కూడా, ముల్లు నిలబడే క్షణంలో మాత్రమే వస్తుంది.

"నీ ఆవు పాలు జమున తాగింది" అంది మంగవ్వ, నేల వైపే చూస్తూ. "జమున పాలు నీ మనుమడు తాగిండు."

"ఏంది?"

"నేనే అడిగిన. చేతులు వట్టుకొని అడిగిన. దాని బిడ్డకు తాపంగ మిగిలినయి ఇయ్యుమన్న. అది మారు మాట అనలే. రెండు గంటలకొకపారి గూసొని ఇద్దరికి పిండింది. ఒట్టి జొన్న గట్క తాగి గట్ల పిండుతాంటె నా పాణం ఒప్పక, నీ ఫ్లాస్కు దానికే ఇచ్చిన. తండా పాలంటె నువ్వు వద్దంటవని నీకు చెప్పలే."

"నిన్న... నేను ఫోన్ జేస్తున్నప్పుడు?"

"చెప్పవోయిన. కొంగు వట్టి గుంజిన. 'ఆడోళ్ళకేం తెల్వది, నువ్వు గూసో' అంటివి." మంగవ్వ ఇప్పుడు తల ఎత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "గూసున్న. నలభై ఏండ్ల సంది గూసుంటనే ఉన్న గద. ఇయ్యాల పొద్దుగాల వాళ్ళు ముందటికెల్లి పోతాంటె గూడ గూసుంటి. నా నోరు వడిపోను."

పటేలు కోపం కోసం ఎదురుచూశాడు. పిలవకపోయినా వచ్చేది, ఎప్పుడూ ఆలస్యం చేయనిది. వంశమూలంలోకి నాలుగు రోజులుగా ఎవరి పాలు పారుతున్నాయో విన్నాక అది గర్జించుకుంటూ రావలసిన వేళ. రాలేదు. దాని బదులు ఒక అంకె వచ్చింది. ఈ ఉదయం ఎనిమిదింటి తూకం పదకొండు వందల యాభై. పుట్టిన తర్వాత మొదటిసారి ఇరవై గ్రాములు పెరిగాడు. తన ఫోను దెబ్బకు భయపడి సరిగా జోకారని, ఆ ఇరవై గ్రాములను ఆయన తన ఖాతాలో వేసుకుని, టీ తాగి, మీసం కూడా దువ్వుకున్నాడు.

అవి ఆ పిల్ల ఇచ్చినవి. గట్క తాగి.

డాక్టరమ్మ గదిలో ఆయన కూర్చోలేదు. కూర్చోమని ఆమె అన్నది కూడా వినలేదు.

"వాళ్ళను మల్ల పిలిపియ్యి డాక్టరమ్మా."

"పంపించమని మా చైర్మన్‌గారికి ఫోన్ చేయించింది మీరే కదండీ."

"చేపిచ్చిన. ఇప్పుడు పిలిపియ్యుమంటున్న."

"ఆ చోటు నిండిపోయింది. వచ్చిన పిల్లవాడికి తొమ్మిది వందల గ్రాములు. వాణ్ణి తీసేయనా?" ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఒకరి పాలు ఒకరికి పోయడం మా పద్ధతి కాదు. నాకు తెలిస్తే ఆపించాలి. అందుకే నాలుగు రోజులుగా నేను తెలుసుకోకుండా తిరిగాను. అంతకంటే మీకు నేను చేయగల సహాయం లేదు."

"తక్కిన తల్లులు లేరా?"

"ఒకామెకు కవలలు, ఆమెవి ఆమెకే చాలడం లేదు. ఇద్దరికి జ్వరం. మిగతావాళ్ళు ఇంకా ఊళ్ళలో ఆపరేషన్ మంచాల మీద ఉన్నారు, పిల్లలొక్కరే ఇక్కడున్నారు, మీవాడిలాగే. సెలైన్ ఎక్కిస్తాం. ఒక రోజు, రెండు రోజులు. ఇంత చిన్న కడుపు ఖాళీగా ఉంటే..." ఆమె అద్దాలను మళ్ళీ తుడిచింది. "పొద్దున్నించి రెండుసార్లు ఊపిరి తీయడం మరిచిపోయాడు. నెలలు నిండని పిల్లలకు అదొకటి ఉంటుంది. అరికాలు మీద తడితే మళ్ళీ గుర్తుకొస్తుంది."

"మరి యాదికి రాకుంటె?"

డాక్టరమ్మ కళ్ళద్దాలు పెట్టుకుంది. దానికి ఆమె దగ్గర కూడా ఫోను నంబరు లేనట్టుంది.

మెట్ల మీద నిలబడి పటేలు ఎంకయ్యకు ఫోను చేశాడు. మూడోసారికి దొరికాడు.

"తియ్యిమంటివి, తీపిచ్చిన" అన్నాడు ఎంకయ్య, అన్నం నములుతూ. "మల్ల పెట్టుమంటె చైర్మన్ సాబ్ నవ్వుతడు పటేలా. మనకో ఇజ్జత్ ఉంటది గద. రేపటి దాక చూద్దాం."

లేపిన తూమును దించడానికి ఎవరికి ఫోను చేయాలో ఆ తాలూకాలో ఇంతవరకు ఎవరూ తెలుసుకోలేదు. ఆ అవసరం అంతవరకు ఎవరికీ రాలేదు.

ఎల్లారెడ్డి బస్సు ఒంటిగంటకు. పటేలు చెప్పులు తొడుక్కుంటుంటే మంగవ్వ వెంట వచ్చింది.

"బస్టాండ్లనే ఉంటరు. పొయ్యి మొక్కు. గడ్డం వట్టుకో. ఏమన్నా పడు."

"నువ్వు ఈడనే ఉండు. నేను ఫోన్ జేస్త."

"నువ్వు జెయ్యకు. లోపట నేను ఎత్తలేను. నేను గూడ ఊకె జెయ్య." ఆమె కొంగు నడుముకు దోపుకుంది. "ఏమన్న అయితెనే జేస్త."

ఆటో రైలు గేటు దగ్గర ఆగిపోయింది. గేటు పడి ఉంది. ఏదో గూడ్సు బండి ఎక్కడో బయలుదేరిందన్న వార్తను గౌరవిస్తూ లారీలు, సైకిళ్ళు, ఒక పెళ్ళి బ్యాండు వారి వ్యాను, మేకల మంద అన్నీ నిలబడి ఉన్నాయి. పటేలు గడియారం చూసుకున్నాడు. పన్నెండూ యాభై. ఆటో దిగాడు. ఫ్లాస్కు చంకలో పెట్టుకుని, ధోవతి ఎగగట్టి, ఏ కాంటా ముందూ వంగని నడుమును వంచి, గేటు కమ్మీ కిందినుంచి మేకలతో పాటు దూరాడు. "పటేల్ సాబ్, పైలం!" అని గంజ్ హమాలీ ఎవడో వెనకనుంచి అరిచాడు. గుర్తుపట్టాడన్నమాట. పట్టనీ.

బస్సు కదలడానికి సిద్ధంగా గుర్రుమంటున్నది. ఎడమవైపు మూడో సీటులో జమున కిటికీ పక్కన కూర్చుని ఉంది, దుప్పటి మూటను రెండు చేతులతో కప్పుకుని. పక్కన పార్వతిబాయి. వెనక సీట్లో భీక్యా. పటేలు ఎక్కడం చూసి భీక్యా గభాలున లేచాడు.

"కూసో పటేలా."

పార్వతిబాయి వెనక్కి తిరిగి మొగుడి ధోవతి పట్టుకుని కిందికి గుంజింది. "నువ్వు కూసో. పైసలు వెట్టి కొన్న సీటు."

బస్సులో సగంమంది తల తిప్పారు. పటేలు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళ గంజ్ యుద్ధాల్లో సేట్లను దులిపిన నోరు, కలెక్టరుకు అర్జీ చదివి వినిపించిన నోరు, ఏం మొదలుపెట్టాలో తెలియక ఎండిపోయింది. చివరికి ఫ్లాస్కు ముందుకు చాచాడు.

"ఇగో... పాలు."

"యెవ్వలికి?" అంది పార్వతిబాయి.

"తల్లికి."

"ఆహా! నాలుగొద్దులాయె తల్లే తాగవట్టి. నీకు ఇయ్యాల ఎరికైందా?"

"నాకు తెల్వదు పార్వతీ."

"నీకేం తెల్వదు? నీకు తూకం తెల్సు. పోయినేడు నీ చేన్ల మక్కలు ఇరిస్తిమి. కూలి గింజలు జోకింది నువ్వు. దుమ్మున్నదంటివి, పొల్లున్నదంటివి, తరుగని తట్టెడు తీసి పక్కకు వెట్టుకుంటివి. నోరు మూసుకొని మోసుకపోయినం." ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే పటేలుకు తేలికయ్యేది. "ఇయ్యాల మా పిల్లను గూడ గట్లనే తీసి పక్కకు వెట్టినవు."

భీక్యా కిటికీలోంచి బయటికి చూడసాగాడు. కండక్టరు వెనక తలుపు దగ్గర ఎవరితోనో చిల్లర గురించి వాదిస్తున్నాడు.

"వాడు పసివోడు" అన్నాడు పటేలు. "వానికేం ఎరుక?"

"దీనికి ఎరికనా?" అని పార్వతిబాయి దుప్పటి మూటను చూపించింది.

అప్పుడు జమున మొదటిసారి నోరు విప్పింది. ఈ వారం రోజుల్లో ఆమె గొంతు పటేలు వినడం అదే మొదలు. అద్దం అవతలినుంచి గొంతులు వినపడవు.

"నేనొస్తె నా బిడ్డను మల్ల గా పెట్టెల వెడతరా పటేలా?"

ఒక్క అబద్ధం చాలు. "పెడతరు" అంటే చాలు. దిగి వచ్చేస్తుంది. పటేలు నాలుక చివరిదాకా అది వచ్చింది. దుప్పటి అంచున ఉన్ని టోపీ కదిలింది, లోపల ఎవరో చిన్నగా తుమ్మారు.

"జాగ లేదు" అన్నాడు. "నస్రుల్లాబాద్ పిల్లగాన్ని వండవెట్టిండ్రు."

జమున తలూపింది. ఆమె రవిక కింది అంచు, దుప్పటి దాటి, తడిసి ఉంది. పన్నెండు దాటింది కదా. రెండు గంటలకోసారి ఇద్దరికి ఇవ్వడం అలవాటైన పాలు, ఎవరి ఫోనూ వినకుండా, వాటి వేళకు అవి వచ్చేశాయి.

"నీ మనుమనికి ఇయ్యద్దని లేదు" అంది. "నాలుగొద్దులు నా చేతులతోటి పిండిన. వాని ముఖం గూడ ఎరికే నాకు, ఎడమ చెవు మడతవడి ఉంటది. గని నా ఎద మీదికెల్లి తీస్తె దీని ఒళ్ళు సల్లవడుతది. జర సేపు గూడ తియ్యద్దని సిస్టర్ చెప్పింది. పిండాలంటె దీన్ని యెవ్వలన్న ఎత్తుకోవాలె. మామకు దగ్గున్నది. అత్త చేతులు రాత్రి సంది కాలుతున్నయి, జరం."

"పెట్టె లేదంటడు గద" అంది పార్వతిబాయి, బస్సంతా వినేటట్టు. "పటేలుకు ఛాతి ఉన్నది గద, ఇంత ఎడల్పు. అంగీ ఇప్పి ఎత్తుకుంటడేమో అడుగు! లంబాడి పిల్లను!"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అది ఎగతాళి. జవాబు ఆశించని ఎగతాళి.  పటేలు ఫ్లాస్కును కాళ్ళ దగ్గర పెట్టాడు. చెయ్యి మెడ దగ్గరికి పోయింది. మొదటి గుండీ ఊడింది. రెండోది ఊడింది.

కిసుకులు ఆగిపోయాయి.

"రైట్, రైట్!" కండక్టరు ఈల వేశాడు. బస్సు కుదుపుతో కదిలింది.

"పెద్దమనిషీ, దిగుతవా, ఎల్లారెడ్డి దాక వస్తవా? యాడికి టికెటు?"

"ఈ పిల్ల తల్లి యాడ దిగితె గాడికి" అన్నాడు పటేలు.

పార్వతిబాయి సంచీని కోడలి కాళ్ళ దగ్గరికి జరిపింది. లేచి నిలబడింది. ఆమె లేచిన చోట పటేలు కూర్చున్నాడు, అంగీ బార్లా తెరిచి, నెరిసిన ఛాతీతో, పిలవని పేరంటానికి వచ్చినవాడిలా. జమున ఆయన వైపు చూసింది. చేతుల వైపు చూసింది.

"చేతులు కడుక్కున్నవా?"

ఏడు రోజులుగా ఆ అద్దం తలుపు దగ్గర లోపలికి పోయే ప్రతి ఆడమనిషినీ అడిగిన ప్రశ్న అది. ఆయన్ని అంతవరకు ఎవరూ అడగలేదు. భీక్యా వెనకనుంచి నీళ్ళ సీసా వంచాడు. పటేలు కిటికీలోంచి చేతులు చాచి, మోచేతుల దాకా, వేళ్ళ సందుల్లో కూడా కడుక్కున్నాడు. అద్దంలోంచి చూసి నేర్చుకున్నదే. పంచె కొంగు పొడిగా ఉన్న వైపు వెతికి తుడుచుకున్నాడు.

జమున దుప్పటి ముడి విప్పింది. సంచీలోంచి స్టీలు గిన్నె తీసి ఒడిలో పెట్టుకుంది. అది దవాఖానదే, హడావిడిలో తిరిగివ్వడం మరిచిపోయింది. తర్వాత బిడ్డను ఆయన ఛాతీ మీద, గుండె ఉన్న వైపు, బోర్లా ఆనించి, పైన దుప్పటి కప్పింది.

"రెండు చేతులతోటి వట్టుకో. కుదుపుకు మెడ వాలొద్దు. తియ్యకు. ఏమైన గాని చెయ్యి తియ్యకు."

కోడిపెట్ట కన్న తేలిక. ఎండ తగిలిన ఇసుక కన్న వెచ్చన. తూకం ఎంతో ఆయన చెప్పలేకపోయాడు. పిడికెడు గింజ చేతిలో పోస్తే తులాలతో సహా చెప్పే ఆ చేతులకు, తమ మీద ఉన్నది పదిహేను వందల ఇరవై గ్రాములని తెలిసి కూడా, అంతు దొరకలేదు. అరిచేతి కింద వీపు చిన్నగా లేచి పడుతున్నది. లేచినప్పుడల్లా ఆయన ఊపిరి బిగబట్టాడు. పడి మళ్ళీ లేచినాక వదిలాడు. పక్కన, పైట చాటున, గిన్నె అడుగున మొదటి ధార పడిన చప్పుడు వినపడింది.

కామారెడ్డి ఇళ్ళు వెనకబడ్డాయి. మక్కచేలు మొదలయ్యాయి. బస్సు ఎల్లారెడ్డి వైపు, అంటే ఆ పాలు పోవలసిన దిక్కుకు సరిగ్గా ఎదురు దిక్కున, పోతూనే ఉంది.

తాడ్వాయి మలుపు ఇంకా రాలేదు. అంగీ జేబులో ఫోను మోగింది.

పటేలు కదల్లేదు. రెండు చేతులూ నిండి ఉన్నాయి. ఫోను ఒకసారి ఆగింది. గిన్నెలో ధార చప్పుడు కూడా ఆగింది. జమున ఆయన జేబు వైపు చూస్తున్నది.

ఫోను మళ్ళీ మోగడం మొదలుపెట్టింది.